పోయిన మడి: సస్యశాస్త్రమున పరిశోధన విద్య

(వార్షికోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఢిల్లీ నగరమున రాజేంద్రనగర్ అను పేట తెలుగువారికి క్రొత్త కాదు. సివిల్ సర్వీసు పరీక్షలకు కూర్చొను యువజనులు దేశము నలుమూలల నుండి వచ్చి, అచ్చట ఇరుకు గదులలో అద్దెకుండి, రాత్రింబవళ్ళు చదువుచుందురు. ఆ పేటకు ఎంతో దూరము లేకుండనే, పూసా అని అందరును పిలుచు భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పొలములున్నవి. శీతకాలపు ఉదయమున మంచు విడుచున్న వేళ, ఆ పొలములలో గోధుమ పైరు నడుమ ఒక యువకుడో యువతియో వంగి నిలిచి, కంకులకు దారము కట్టుచు, నోటుపుస్తకములో ఏదో వ్రాసికొనుచుండుట చూడవచ్చును.

గదిలో చదువువారికి ప్రశ్న వెలుపలి నుండి వచ్చును. దానికి సరియైన సమాధానము ఎచ్చటనో ముందే వ్రాయబడి యుండును. పొలములో నిలిచినవారు ప్రశ్నను తామే వేసికొనవలెను. సమాధానమును ఇంకను ఎవరును వ్రాసి యుండలేదు. ఈ రెండు విద్యల నడుమనున్న భేదమే నేటి ప్రసంగమునకు విషయము.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఇండ్లలో పిల్లల చదువును గూర్చిన మాట వచ్చినప్పుడు, ‘మొక్కల శాస్త్రములో ఎం.ఎస్సి.’ అనగానే తరువాతి ప్రశ్న సిద్ధముగా నుండును: ‘ఆ తరువాత ఏమిటి?’ ఆ ప్రశ్నలో తప్పు లేదు. జీతముపై ఆధారపడి బ్రతుకు గృహస్థునకు తన పదవీ విరమణ తేదీ తెలియును, సర్కారు క్వార్టరును ఖాళీ చేయవలసిన గడువు తెలియును. ఆ లోపల బిడ్డ తన కాళ్ళపై తాను నిలువవలెనని కోరుట సహజము. అందుచేతనే ఎం.ఎస్సి. సీటును, దానితో వచ్చు ఉపకార వేతనమును, హాస్టలు గదిని కొందరు ఒక వేచియుండు గదిగా భావింతురు. రైలు మరియొకటి, అది వచ్చువరకు కూర్చొనుటకు ఇది ఒక బల్ల!

ఈ భావము ఎంతవరకు న్యాయమో తెలిసికొనవలెనన్నచో, ఆ రెండేండ్లలో అచ్చట జరుగునదేమో ముందుగా చూడవలెను.

పట్టములు రెండు విధములు. ఒకటి ప్రధానముగా పరీక్షల వలన వచ్చునది. రెండవది ప్రధానముగా పరిశోధన వలన వచ్చునది. వ్యవసాయ విశ్వవిద్యాలయములలోని ఎం.ఎస్సి. ఈ రెండవ జాతికి చెందినది. నేటి పాఠ్యప్రణాళిక ప్రకారము మొత్తము 70 క్రెడిట్లలో 30 క్రెడిట్లు పరిశోధనకే కేటాయింపబడినవి. మిగిలిన క్రెడిట్లలో జన్యుశాస్త్రము, శరీరధర్మ శాస్త్రము, గణాంక శాస్త్రము మొదలగు పాఠములు, ఒక సెమినారు ఉండును. విద్యార్థికి ఒక గైడు, ఆయనతో కూడిన ఒక సలహా సంఘము ఏర్పడును. ఆ సంఘము ఎదుట విద్యార్థి తన ప్రశ్న ఏమో, దానిని ఏ విధముగా శోధింపదలచెనో వ్రాసి సమర్పించి, అంగీకారము పొందవలెను. పిమ్మట ప్రయోగము చేసి, ఫలితములను థీసిస్ రూపమున వ్రాసి, వెలుపలి పరీక్షకుని ప్రశ్నలకు ముఖాముఖి సమాధానము చెప్పవలెను.

వినుటకు ఇది సచివాలయములోని ఫైలు నడక వలెనే యున్నది. కాని భేదమొకటి కలదు. ఫైలు ఒకనాడు ఆగినను మరునాడు కదలును. గోధుమ ఆగదు. ఢిల్లీలో నవంబరులో విత్తిన పైరు ఏప్రిల్‌లో కోతకు వచ్చును. మొదటి చలికాలము పాఠములతోడనే చాలవరకు గడచిపోవును. కావున చాలమంది విద్యార్థులకు ప్రయోగమునకై నికరముగా చేజిక్కునది ఒక్క చలికాలము మాత్రమే. అందులో ఒక వారము జారిపోయినచో దానిని తిరిగి తెచ్చు ఉత్తరువును ఏ మంత్రిత్వ శాఖయు జారీ చేయజాలదు.

ఈ విద్యకు ఈ దేశములో చరిత్ర కలదు. 1905లో, నేటి బీహారులోని పూసా గ్రామమున, హెన్రీ ఫిప్స్ అను అమెరికా దాత ఇచ్చిన 30,000 పౌండ్ల విరాళము తోడ్పాటుగా ఈ సంస్థ స్థాపింపబడెను. 1923లో అచ్చట పట్టభద్రులకు ఉన్నత శిక్షణ ప్రారంభమయ్యెను. 1934 జనవరి 15వ తేదీన వచ్చిన భూకంపములో ఆ భవనములు దెబ్బతినగా, 1936లో సంస్థ ఢిల్లీకి తరలి వచ్చెను. పూసా అను పల్లె పేరు మాత్రము దానితోపాటు ప్రయాణము చేసి వచ్చి రాజధానిలో స్థిరపడెను. 1958లో ఈ సంస్థ విశ్వవిద్యాలయ హోదాను పొంది, తానే పట్టములిచ్చుట ఆరంభించెను.

ఆ పొలములలో నడచినవారిలో బెంజమిన్ పియరీ పాల్ ఒకరు. ఆయన రంగూన్ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము చదివి, కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము పొందిరి. గోధుమ పైరును నాశనము చేయు త్రుప్పు తెగుళ్ళు మూడు విధములు. ఆ మూడింటిని తట్టుకొను వంగడము కొరకు ఆయన ఏండ్ల తరబడి సంకరములు చేసిరి. ఆ కృషి ఫలితమే 1950ల దశకములో వెలువడిన ఎన్.పి. 809. ఎన్.పి. అనగా న్యూ పూసా. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టరు జనరల్ అయినవారును ఆయనయే.

ఈ సభకు మరింత సన్నిహితమైన ఉదాహరణము మొన్కొంబు సాంబశివన్ స్వామినాథన్ గారిది. కుంభకోణమున 1925లో జన్మించిన ఈయన, 1943 నాటి బెంగాలు కరవును గూర్చి విని, వైద్యవిద్య ఆలోచనను విడిచి వ్యవసాయ విద్యవైపు మరలిరి. కోయంబత్తూరులో చదువు ముగించి, 1947లో పూసా సంస్థలో జన్యుశాస్త్ర విద్యార్థిగా చేరి, 1949లో ఉన్నత పట్టమును పొందిరి. ఆ కాలముననే ఆయన కేంద్ర సర్వీసుల పరీక్ష వ్రాయగా, ఇండియన్ పోలీసు సర్వీసునకు ఎంపికయిరి. అదే సమయమున, నెదర్లాండ్స్ దేశములో జన్యుశాస్త్రము చదువుటకు యునెస్కో ఫెలోషిప్పు కూడ లభించెను. ఒక చేతిలో పోలీసు అధికారి పదవి. రెండవ చేతిలో బంగాళాదుంప మొక్కపై పరిశోధన. ఆయన రెండవదానిని ఎన్నుకొనిరి.

నేడు, ఆయనకు 1987లో మొట్టమొదటి ప్రపంచ ఆహార బహుమానము వచ్చెనని, 2023లో కీర్తిశేషులైన పిమ్మట 2024లో భారతరత్న లభించెనని తెలిసినవారికి ఆ ఎంపిక సులువుగా తోచును. కాని 1949లో ఆ ఇంటివారికి ఇవేవియు తెలియవు. వారి ముందున్నవి రెండు కాగితములు మాత్రమే. ఒకదానిలో పెన్షను కలదు, రెండవదానిలో లేదు.

ఇంతమాత్రముచేత పరిపాలనోద్యోగము తక్కువదని చెప్పుట ఇచ్చట ఉద్దేశము కాదు. 1966లో మెక్సికో నుండి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనము తెప్పించుటకు శాస్త్రజ్ఞుల సలహా ఎంత అవసరమైనదో, విదేశీ మారకపు ఇబ్బంది గల ఆ దినములలో దానికి అనుమతి నిచ్చిన సంతకములును అంత అవసరమైనవి. అయితే, ఆ సంతకము చేయువాడు దేనిని నమ్మి చేయవలెను? ఎచ్చటనో ఒక చిన్న మడిలో, ఎవరో ఒకరు గింజలు తూచి వ్రాసిన అంకెను నమ్మి చేయవలెను. ఆ అంకె సత్యమైనదిగా నుండుటకు ఇచ్చు శిక్షణయే పరిశోధన విద్య. ఈ ప్రసంగములో చెప్పదలచినది ఈ ఒక్క మాటయే.

దీనిని విశదము చేయుటకు ఒక విద్యార్థినిని ఊహింపవచ్చును. ఆమె రామకృష్ణపురము సర్కారు క్వార్టర్లలో పెరిగినది. తండ్రి ఒక మంత్రిత్వ శాఖలో సెక్షను ఆఫీసరు. స్వగ్రామము తెనాలి ప్రాంతము. ఆమె బాపట్ల వ్యవసాయ కళాశాలలో బి.ఎస్సి. ముగించి, పోటీ పరీక్షలో నెగ్గి, పూసాలో ఎం.ఎస్సి.కి చేరినది. వరి పొలముల మధ్య నుండి వచ్చిన పిల్లకు గోధుమ క్రొత్త. తండ్రి కోరిక సివిల్ సర్వీసు. ‘సీటు ఉంచుకో తల్లీ, చదువు మాత్రం అసలు పరీక్షకు చదువు’ అని ఆయన సలహా.

ఆమె గైడు వద్దకు వెళ్ళినప్పుడు, ‘వాతావరణ మార్పును గోధుమ ఎట్లు తట్టుకొనునో తెలిసికొనవలెనని యున్నది’ అని చెప్పినది. గైడు నవ్వి, ‘అది నలుగురు ఆచార్యుల జీవితకాలమునకు చాలిన పని. నీకున్నది ఒక్క చలికాలము. నీ ప్రశ్న ఒక పొలములో పట్టునంత చిన్నది కావలెను’ అనిరి. పరిశోధన విద్యలో మొదటి పాఠము ఇదియే. పెద్ద కోరికను చిన్న ప్రశ్నగా కుదించుట. రెండు మాసములు చదివి, పెక్కు కాగితములు చింపివేసి, తుదకు ఆమె ప్రశ్న ఈ రూపమునకు వచ్చినది: ‘డిసెంబరు చివరలో ఆలస్యముగా విత్తిన ఎనిమిది గోధుమ వంగడములలో, మార్చి వేడికి గింజ బరువు ఏ వంగడమునకు తక్కువగా తగ్గును?’

ఇది చిన్న ప్రశ్నయే. కాని దాని వెనుక దేశమంత విషయము కలదు. వరి, చెఱకు కోసిన పొలములలో గోధుమను ఆలస్యముగా విత్తు రైతులు ఉత్తర భారతమున లక్షల సంఖ్యలో నున్నారు. అట్టి పైరునకు పాలుపోసికొను దశ మార్చి మాసములో వచ్చును. ఆ దశలో ఎండ ముదిరినచో పైరు తొందరపడి పండును. గింజ నిండుటకు దినములు చాలవు. గింజ ముడుతలు పడి తేలిపోవును. 2022వ సంవత్సరపు మార్చి మాసము, 1901 నుండి లెక్కలున్న కాలములో దేశమునకు అత్యంత ఉష్ణమైన మార్చి. ఆ ఫిబ్రవరిలో గోధుమ దిగుబడి 11 కోట్ల 13 లక్షల టన్నులని వేసిన ప్రభుత్వ అంచనా, మే మాసమునకు 10 కోట్ల 64 లక్షల టన్నులకు దిగెను. మే 13వ తేదీన గోధుమ ఎగుమతి నిషేధింపబడెను. ఈ సభలోనివారిలో కొందరి బల్లలపైకి ఆ ఫైళ్ళు వచ్చియే యుండవచ్చును. ఆ ఫైలు మొదలు ఒక గోధుమ గింజలో నున్నది.

ఇక ప్రయోగము. ఎనిమిది వంగడములను ఎనిమిది మళ్ళలో విత్తి, ఏది మేలని చూచిన చాలదా? చాలదు. పొలము అంతటను ఒక్క తీరుగా నుండదు. ఒక మూల నీరు నిలుచును. ఒక మూల ఇసుక ఎక్కువ. మంచి నేల పడిన వంగడము మంచిదని పేరు పొందును. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధన కేంద్రమునకు 1919లో వచ్చిన రోనాల్డ్ ఫిషర్ ఈ చిక్కునకు పరిష్కారము చూపెను. ప్రతి వంగడమును ఒకటికంటె ఎక్కువ చోట్ల విత్తవలెను. ఏ వంగడము ఏ మడిలో పడవలెనో మనుష్యుని ఇష్టము నిర్ణయింపరాదు. చీట్లు తీసినట్లు అదృష్టము నిర్ణయింపవలెను. అప్పుడు నేల పక్షపాతమును, మనుష్యుని పక్షపాతమును రెండును తొలగును. 1954లో పాన్సే, సుఖాత్మే గార్లు ఈ పద్ధతులను వ్యవసాయ పరిశోధకుల కొరకు ఒక గ్రంథముగా కూర్చిరి. ఆ గ్రంథమును చేతబట్టని వ్యవసాయ ఎం.ఎస్సి. విద్యార్థి ఈ దేశములో అరుదు.

ఆ విధముగా ఆమెకు ఎనిమిది వంగడములు, మూడు వరుసలు, మొత్తము 24 మళ్ళు ఏర్పడినవి. డిసెంబరు చలిలో విత్తనము వేసినది. జనవరి మంచులో మొలకలు లెక్కించినది. ఫిబ్రవరిలో ఏ మడిలో ఏ దినమున కంకి తొంగిచూచెనో వ్రాసికొన్నది. పూత పట్టిన కంకులకు దారము కట్టి తేదీ గుర్తు వేసినది. మార్చిలో మిట్టమధ్యాహ్నము పైరు ఆకుల వేడిమి కొలిచినది. ఆదివారము లేదు, హోలీ పండుగ లేదు. రాజేంద్రనగర్‌లో స్నేహితురాండ్రు మాదిరి పరీక్షలు వ్రాయుచుండగా, ఈమె వేళ్ళతో గింజలు వేయి లెక్కించి తూచుచుండెను. వేయి గింజల బరువు అనునది ఈ శాస్త్రములో ఒక ముఖ్యమైన కొలత.

ఏప్రిల్ మొదటి వారమున విఘ్నము వచ్చినది. ఎనిమిది వంగడములలో ఒకటి మిగిలినవాటికంటె ముందుగా పండునది. ఆమె ఆశ అంతయు దానిమీదనే యున్నది. వేడి ముదురకముందే గింజ నింపుకొను గుణము దానిలో ఉన్నట్లు మొదటి రెండు వరుసలలో కనబడెను. చుట్టుప్రక్కల పైరు ఇంకను పచ్చిగానుండగా ఇది ఒక్కటియే పండుటచేత, మూడవ వరుసలోని మడిపై రామచిలుకలు గుంపుగా వ్రాలినవి. వల కట్టిన కూలివాడు ఒక ప్రక్క ముడి వేయుట మరచెను. ఆమె ఉదయమున వచ్చి చూచునప్పటికి కంకులలో గింజలు లేవు. నేలమీద పొట్టు మాత్రము కలదు.

ఒక మడి పోయినది. 24లో 23 మిగిలినవి. థీసిస్ సమర్పించు గడువు దగ్గరలోనే యున్నది. మరల విత్తవలెనన్నచో మరుసటి డిసెంబరు వరకు ఆగవలెను. ఉపకార వేతనము అంతవరకు రాదు.

ఆ రాత్రి ఆమె ఇంటికి ఫోను చేసినది. తండ్రి అంతయు విని, కొంతసేపు మౌనముగానుండి, నెమ్మదిగా అనిరి:

‘దీనికి ఇంత బాధ ఎందుకమ్మా? రెండు వరుసల్లో తూచావు కదా. ఆ రెండింటి సగటు మూడోదానిలో వేసెయ్యి. ఎవరు చూడవచ్చారు?’

‘ఎవరూ చూడరు నాన్నగారూ. అదే భయం.’

‘భయమేమిటి?’

‘మీ సెక్షనులో ఫైలులోంచి ఒక కాగితం పోయిందనుకోండి. ఆ కాగితంలో ఏముందో మీకు జ్ఞాపకమే. అలాంటిది మీరే టైపు చేయించి, పాత తేదీ వేసి పెడతారా?’

తండ్రి వెంటనే సమాధానమీయలేదు. ముప్పది సంవత్సరముల సర్వీసులో ఆయన అట్టి పని ఎన్నడును చేయలేదు. కాగితము పోయినచో పోయినదని నోటు వ్రాసి, ఇతర శాఖల నుండి నకళ్ళు తెప్పించి, ‘పునర్నిర్మితము’ అని పైన గుర్తువేసి, ఫైలును మరల కూర్చుట ఆయనకు తెలియును. పోయినదానిని పోలునదానిని తయారుచేయుట వేరు. పోయినదని చెప్పి, తెలిసినంతవరకు కూర్చుట వేరు.

‘లేదమ్మా, నోటు వ్రాస్తాం’ అనిరి ఆయన. ‘మరి మీ శాస్త్రంలో నోటు వ్రాసే ఏర్పాటు ఉందా?’

ఉన్నది. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఈ ఏర్పాటు పరిశోధన విద్యలో తొంబది సంవత్సరములకు పైబడి యున్నది. పశువులు పైరు మేసినను, వరద వచ్చినను, ఎవరైన పొరపాటున రెండు మళ్ళ పంటను కలిపి కోసినను, మడి పోవుచునే యుండును. 1930లో అలెన్, విషార్ట్ అను వారును, 1933లో రోథాంస్టెడ్‌లోనే ఫ్రాంక్ యేట్స్ అను ఆయనయు, పోయిన మడికి అంచనా విలువ కట్టు పద్ధతిని ప్రకటించిరి. అదే వరుసలోని మిగిలిన మళ్ళు ఎట్లుండెనో, అదే వంగడము ఇతర వరుసలలో ఎట్లుండెనో, మొత్తము పొలము ఎట్లుండెనో, ఈ మూడింటిని జోడించి ఆ విలువను కట్టవలెను. తండ్రి చెప్పిన సగటునకును దీనికిని మొదటి చూపులో పెద్ద భేదము కనబడదు.

భేదము ఆ తరువాతి మెట్టులో నున్నది. ఆ అంచనా వేసినందుకు మూల్యము చెల్లింపవలెను. ఎనిమిది వంగడములు, మూడు వరుసలు గల ప్రయోగములో, దోషమును కొలుచుటకు ఆధారమైన స్వతంత్ర సమాచారపు సంఖ్య 14. గణకులు దీనినే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అందురు. ఒక మడి పోయినచో దానిని 13గా తగ్గించి వ్రాయవలెను. ఆ వంగడమును ఇతర వంగడములతో పోల్చునప్పుడు మరింత కఠినమైన కొలతను ఉపయోగింపవలెను. అనగా శాస్త్రము ఇట్లు చెప్పుచున్నది: ‘నీ మడి పోయినది, నీ తప్పు లేదు, లెక్క ముగించుకొనుము. కాని చూడనిదానిని చూచినంత ధైర్యముగా మాటలాడకుము.’ దొంగ సగటు వేసినవాడు ఈ మూల్యమును ఎగవేయును. అదియే అసలైన భేదము.

ఆమె మూల్యము చెల్లించినది. లెక్క వేసి చూడగా, ఆమె ఆశపెట్టుకొన్న వంగడము మిగిలినవాటికంటె మేలుగానే కనబడినది. కాని రెండవ స్థానములో నిలిచిన వంగడమునకును దానికిని గల వ్యత్యాసము, పొలములో సహజముగా వచ్చు హెచ్చుతగ్గులను దాటలేదు. థీసిస్‌లో ఆమె అట్లే వ్రాసినది. మూడవ వరుసలో ఒక మడి పక్షుల వలన నష్టమైనదనియు, అంచనా విలువ ఉపయోగింపబడినదనియు, రెండు వంగడములలో ఏది మేలో ఈ ఒక్క ప్రయోగము నిర్ణయింపజాలదనియు, మరియొక సంవత్సరము పరీక్షింపవలెననియు వ్రాసినది. ముఖాముఖి పరీక్షలో వెలుపలి పరీక్షకుడు ఎక్కువసేపు ప్రశ్నించినది ఆ పుటను గూర్చియే. ఆమె తడబడలేదు. జరిగినదానిని జరిగినట్లు చెప్పువానికి జ్ఞాపకశక్తితో పనిలేదు.

ఈ విద్యార్థిని ఊహాచిత్రమే. కాని ఆమె ఎదుర్కొన్న పరీక్ష ప్రతి సంవత్సరము పెక్కుమంది నిజమైన విద్యార్థులు ఎదుర్కొనునదే.

‘రెండేండ్లు శ్రమపడి, నిర్ణయింపలేదు అని వ్రాయుటకా ఈ చదువు?’ అని కొందరు అడుగవచ్చును. దీనికి సమాధానము ఈ శాస్త్రమునకు మూలపురుషుడైన గ్రెగర్ మెండెల్ జీవితములోనే కలదు. ఆయన బఠాణీ మొక్కలపై ఏండ్ల తరబడి చేసిన ప్రయోగములను 1866లో ప్రకటించిన సంగతి పాఠశాల బాలురకును తెలియును. ఆ తరువాతి సంగతి అంతగా తెలియదు. బఠాణీలో కనుగొన్న సూత్రమును మరియొక మొక్కలో పరీక్షింపదలచి, ఆయన హాక్‌వీడ్ అను పూలమొక్కను తీసికొనెను. దాని పువ్వులు మిక్కిలి చిన్నవి. వాటిలో సంకరము చేయుట కన్నులకు శ్రమ. ఇంత శ్రమపడినను ఆ మొక్క ఆయన సూత్రమునకు లోబడలేదు. బఠాణీ ఒక విధముగా చెప్పగా, హాక్‌వీడ్ మరియొక విధముగా చెప్పెను.

మెండెల్ ఆ ఫలితమును దాచలేదు. 1869లో సభయందు చదివి, 1870లో అచ్చు వేయించెను. తన సిద్ధాంతమునకు తానే ప్రతికూల సాక్ష్యమిచ్చినట్లయ్యెను. ఆయన మరణించి దాదాపు ఇరువది సంవత్సరములు గడచిన తరువాతనే దీనికి కారణము బయటపడెను. హాక్‌వీడ్ మొక్క చాలవరకు పుప్పొడితో సంపర్కము లేకుండగనే విత్తనము కట్టును; పుట్టిన మొక్కలు తల్లికి ప్రతిరూపములు. మెండెల్ సూత్రము తప్పు కాదు. ఆ మొక్క మార్గము వేరు. నేడు శాస్త్రజ్ఞులు సంకర వరిలో ఆ మార్గమునే ప్రవేశపెట్టుటకు కృషి చేయుచున్నారు. 2019లో వరి మొక్క నుండి ఈ విధముగా తల్లిని పోలిన విత్తనములను పొందిన ఫలితములు ప్రకటింపబడినవి. అది పూర్తిగా సఫలమైన దినమున, రైతు ప్రతి సంవత్సరము సంకర విత్తనమును కొనక, తన గాదెలోనిదే విత్తుకొనవచ్చును. నాడు మెండెల్‌కు వైఫల్యముగా తోచినదానిలో ఇంతటి మేలు దాగియున్నది. ఆయన ఆనాడు హాక్‌వీడ్ ఫలితమును బఠాణీతో సరిపడునట్లు దిద్దియుండినచో?

తెలుగువారి కంచమునకు సంబంధించిన ఉదాహరణము ఒకటి చెప్పి ఈ భాగమును ముగింపవచ్చును. 1986లో బాపట్ల నుండి విడుదలయైన బి.పి.టి. 5204 అను వరి వంగడము సాంబ మసూరి పేర ప్రసిద్ధము. ఢిల్లీలోని తెలుగువారు సన్నబియ్యము కొరకు బజారులన్నియు తిరుగునప్పుడు వెదకునది తరచుగా దీనినే. రుచికి, సన్నదనమునకు సాటిలేని ఈ వంగడమునకు ఒక లోపము కలదు. బాక్టీరియా వలన వచ్చు ఆకు ఎండు తెగులును ఇది తట్టుకొనలేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వారును, వరి పరిశోధన సంస్థ వారును కలిసి, ఆ తెగులును తట్టుకొను మూడు జన్యువులను దానిలోనికి సంకరము ద్వారా తెచ్చి, గింజ గుణము చెడకుండ కాపాడిరి. మెరుగుపరచిన ఆ సాంబ మసూరి 2008లో విడుదలయ్యెను.

వరిలో సంకరము చేయుట ఎట్టి పనియో చెప్పినచో ఆ శ్రమ కొంత అర్థమగును. వరి పువ్వులో కేసరములు ఆరు. సాయంకాలమున పువ్వు కొన కత్తిరించి, సన్నని పట్టుకారుతో ఆ ఆరింటిని తొలగించి, కంకికి కాగితపు సంచి తొడుగవలెను. మరునాడు ప్రొద్దెక్కిన తరువాత, రెండవ రకపు పువ్వులు విచ్చుకొను కొద్ది సమయములో, దాని పుప్పొడిని తెచ్చి దులుపవలెను. ఒక్క కేసరము మిగిలినను ఆ గింజ సంకరము కాదు. తరమునకు తరము వేల మొక్కలు పెంచి, కావలసినవాటిని ఉంచి, మిగిలినవాటిని తీసివేయవలెను. ఇట్టి పనిలో ఒక చేతి అలసత్వము పది సంవత్సరముల కృషిని మైల పరచును. ఈ చేతులకు శిక్షణ లభించునది ఎం.ఎస్సి. స్థాయిలోనే.

ఇక తల్లిదండ్రులకు రెండు మాటలు. ఈ మార్గములో కష్టములు లేవని చెప్పుట అసత్యమగును. ఉపకార వేతనము ఆలస్యము కావచ్చును. శాస్త్రజ్ఞుల కొలువులకు పోటీ తీవ్రము. ఎం.ఎస్సి.తో ఆగినవారికి పరిశోధనశాలలో స్థిరమైన స్థానము దొరకుట కష్టము. డాక్టరు పట్టము వరకు సాగవలసి యుండును. ఆ పైన సివిల్ సర్వీసునకు పోవువారును కలరు. వారు చేసినది తప్పు కాదు. వ్యవసాయ శాఖలో కూర్చొను అధికారికి తాను స్వయముగా ఒక మడిని సాకిన అనుభవముండుట దేశమునకు లాభమే. తప్పు మరియొకటి కలదు. సీటును ఆక్రమించి, మడిని కూలివానికి వదలి, అంకెలను గదిలో కూర్చొని పూరించుట. అట్టి థీసిస్ ఒక్క విద్యార్థికి పట్టము నిచ్చును. కాని దానిని నమ్మి మరియొకడు పరిశోధన ఆరంభించును, దానిని నమ్మి ఒక సిఫారసు బయలుదేరును, దానిని నమ్మి ఒక రైతు అప్పు చేసి విత్తనము కొనును. ఆ రైతునకు పోయిన మడిని పూరించు సూత్రమేదియు లేదు.

కావున బిడ్డ ఈ చదువులో చేరినప్పుడు, ‘ఆ తరువాత ఏమిటి?’ అని అడుగుట మానవలెనని ఎవరును కోరరు. దానికి ముందు మరియొక ప్రశ్న అడిగిన చాలును: ‘నీ ప్రశ్న ఏమిటి?’ బిడ్డ ఆ ప్రశ్నను రెండు వాక్యములలో, ఇంటిలో అందరికి తెలియునట్లు చెప్పగలిగినచో, ఆ రెండేండ్లు వ్యర్థము కావు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మార్కులను గూర్చి అడిగినట్లే మడిని గూర్చియు అడుగవలెను. ఎండకు నల్లబడిన ముఖమును చూచి జాలిపడవలసిన పనిలేదు. ‘ఈ ఏడు ఫలితము తేలలేదు’ అని బిడ్డ చెప్పినప్పుడు, దానిని ఓటమిగా కాక, ఒక సత్యవాక్యముగా వినవలెను.

సచివాలయములో ఫైలుపై వ్రాయు నోటు, పొలములో నోటుపుస్తకమున వ్రాయు అంకె, ఈ రెండును ఒక్క ధర్మమునకు చెందినవి. చూచినది వ్రాయవలెను; చూడనిదానిని చూడలేదని వ్రాయవలెను. ఈ సంఘ సభ్యులు తమ బల్లల వద్ద జీవితమంతయు పాటించిన ధర్మమునే, వారి బిడ్డలు పూసా మళ్ళలోను, హైదరాబాదు రాజేంద్రనగర్ మళ్ళలోను, బాపట్ల మళ్ళలోను పాటించుటకు నేర్చుకొనుచున్నారు. ఆ విధముగా చూచినచో ఆ పిల్లలు పెద్దల మార్గమును విడిచి పోయినవారు కారు; అదే మార్గమున పొలము వైపునకు నడచినవారు.

వచ్చు శీతకాలమున పూసా వైపుగా పోవు సభ్యులు బస్సు కిటికీ నుండి ఒకమారు ఆ పచ్చని మళ్ళవైపు చూతురుగాక. అందులో ఏ మడి ప్రక్కనైనను ఒక తెలుగుబిడ్డ వంగి నిలిచి యుండవచ్చును.